అంతర్యుద్ధంలో డాక్టర్ అంకుల్

డాక్టర్ అంకుల్ మంగళవారం పొద్దున కన్నుమూశారు. మా పక్కిల్లే. అమెరికాలోని ఈ నేపర్‌విల్‌లో పిల్లల్ని పెంచిన తెలుగు అమ్మల్లో ఆయన చేత తిట్లు తినని వాళ్లు తక్కువ. "జ్వరమొస్తే స్వెట్టర్ తొడుగుతావేంటమ్మా, పిల్లనేమైనా ఉడకబెడుతున్నావా?" అని నన్నూ తిట్టారు. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే గంటసేపు పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు తాగించిందీ ఆయనే.

రిటైరయ్యాక గోల్ఫ్ ఆడలేదు, గుడి కమిటీలో చేరలేదు. లైబ్రరీవాళ్ల కోసం ఒక పాత డైరీ టైప్ చేసే పని పెట్టుకున్నారు. అమెరికా అంతర్యుద్ధానికి మా ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి వెళ్లిన పదాతిదళ కెప్టెన్ రాసుకున్నది. ఈమధ్య కళ్లు బాగా మసకబారడంతో చదవడం, టైప్ చేయడం నా వంతయ్యాయి. సాయంత్రం ఆఫీస్ కాల్స్ అయ్యాక వెళ్లి రోజుకో పేజీ చదివేదాన్ని.

ఆ డైరీలో యుద్ధం పెద్దగా లేదు. పొద్దున హాజరు, వానలో కవాతు, పురుగు పట్టిన బిస్కెట్లు, బూట్లు లేనివాళ్ల జాబితా. సాయంత్రం, చనిపోయినవాళ్ల తల్లులకి ఉత్తరాలు. ఎక్కువమంది విరేచనాలతోనే పోయేవారు. అది చదివినప్పుడల్లా అంకుల్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవారు.

"కాచిన నీళ్లు, ఇంత చక్కెర, చిటికెడు ఉప్పు. అంతేనమ్మా! ఒక్కడూ చెప్పలేదే వాళ్లకి!"

ఎప్పుడో నూట అరవై ఏళ్ల కింద పోయినవాళ్ల కోసం ఇప్పుడింత కోపమేమిటని నవ్వేదాన్ని. తర్వాత ఆ జబ్బు కెప్టెన్‌కే వచ్చింది. రాత వంకర్లు పోయింది. రోజుకి రెండు లైన్లే. అంకుల్ సరిగా తినడం మానేశారు.

"చివరి పేజీ చూసేద్దాం అంకుల్, బతికాడో లేదో తెలిసిపోతుంది" అన్నాను.

"వద్దు. ఇవాళ్టి పేషెంటుని ఇవాళే చూడాలి."

పైకి అలా అన్నారు గానీ, ఆ కెప్టెన్ ఇల్లు చేరాలని ఆయన పడే ఆరాటం చూస్తే నాకు భయమేసేది.

ఆదివారం చివరి పేజీ తెరిచాను. వేరే ఎవరిదో చేతిరాత. కెప్టెన్ ఈ రోజు చనిపోయాడని, గుడారాల వెనకే పాతిపెట్టామని ఒకటే వాక్యం. అది పైకి చదవలేదు.

"సెలవిచ్చారట అంకుల్. ఇంటికి వెళ్లిపోయాడు."

ఆయన నా వైపు తిరిగారు.

"నేనూ హాస్పిటల్లో తల్లులకి ఇదే గొంతుతో చెప్పేవాణ్ణమ్మా" అన్నారు. "ఉన్నది చదువు."

ఏడుస్తూనే చదివాను. అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మంగళవారం నుంచి, నిజం చదివినందుకు మాత్రం నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

"ఎన్నింటికి పోయాడో రాశారా?"

"లేదంకుల్."

"రాయాలి కదమ్మా. వాళ్లమ్మ అడుగుతుంది."

అంటూనే, హాస్పిటల్లో పేషెంటు పోయినప్పుడు టైము చూసుకున్నట్టే, ఎడమచేతి గడియారాన్ని కళ్లకి బాగా దగ్గరగా తెచ్చుకున్నారు. ముళ్లు కనిపించలేదు. ఆ చెయ్యి నా వైపు చాచి, నేను టైము చెప్పేదాకా అలాగే ఉంచారు.