రాళ్లగుట్టలో చచ్చిన ఎలుక

ఊళ్లో గడబిడ ముదిరిన ఏడాది సూర్యాపేట వదిలి కోదాడ చేరాం. బండిలో రెండు పెట్టెలు, మేము, ఒక గంపెడు ముళ్లమొక్కలు. మాకంటే ముందు వాటికే చోటు దొరికింది.

అమ్మ పెంచేవన్నీ మొండి మొక్కలే: బొంతజెముడు, రణపాల, కలబంద. నెలల తరబడి నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతికేవి. కిరాయి ఇంటి పెరట్లో, మఠంపల్లి వైపు నుంచి వచ్చిన నాపరాళ్ల ముక్కలు పోగేసి, సందుల్లో ఇసుక నింపి వాటిని నాటింది. ఆ ఊళ్లో ఆమె తనదనుకున్నది ఆ రాళ్లగుట్ట ఒక్కటే.

మొక్కను పోల్చుకోవడానికి ఆమెకొక పద్ధతి ఉంది. తుంచితే పాలు కారేది జెముడు, నీరొచ్చేది వంటకు పనికొచ్చేది. మిర్యాలగూడ పెద్దమ్మ ఇచ్చిన నాలుగు పలకల కాడను అలాగే తుంచి చూసి, నల్లేరని తేల్చి గుట్టలో నాటింది, కొంత పచ్చడి చేసింది. నల్లేరు తింటే నాలుక దురద పెట్టడం మామూలే. ఆ పచ్చడికి పెట్టలేదు. అమ్మ చేతి మహిమ అని మెచ్చుకున్నాం.

వానలు పడ్డాక ఇల్లంతా కుళ్లు వాసన. చచ్చిన ఎలుక కోసం నాయిన అటక వెతికాడు, గాదె వెతికాడు, పక్కింటివాళ్లను అడిగి మాట పడ్డాడు. నేను ఆయన చెప్పులను అనుమానించాను, ఎవరూ నవ్వలేదు. చివరికి అది రాళ్లకిందే ఉందని, తెల్లారగానే గుట్ట పీకేస్తానని చెప్పాడు.

అమ్మ అన్నం వడ్డిస్తూ, "జర ఆగుండ్రి. గవి ఇప్పుడిప్పుడే వేర్లు పట్టినయి" అంది.

ఆమె దేన్నైనా ఆపమనడం నేను వినడం అదే మొదటిసారి. సూర్యాపేట వదిలిన రోజు కూడా అనలేదు.

పొద్దున నాయిన గడ్డపార అందుకునేలోపు నేను ఈగల వెంట వెళ్లాను. అవి రాళ్లకింద దూరడం లేదు. పెద్దమ్మ ఇచ్చిన కాడ కొసన, నిమ్మకాయంత ముదురు ఊదా పూలగుత్తి మీద ముసురుతున్నాయి. ముక్కు పెట్టి చూశాను, అనవసరంగా.

"ఎలుక దొరికింది నాయినా. దానికి వేర్లున్నయి."

అమ్మ వచ్చి వంగి చూసింది. నల్లేరైతే తీగ సాగి రాళ్ల మీద పాకాలి. ఇది నాటిన రోజు నుంచీ నిటారుగానే నిలబడి ఉంది, మేమెవరం పట్టించుకోలేదు. ఇది కుందేటికొమ్ములనే వేరే మొక్కని, అయినా తినేదేనని మెల్లగా ఒప్పుకుంది.

నాయిన గడ్డపార దించాడు. "అయితే పోయిన నెల పచ్చడి గీ దాంతోనేనా?"

"మీరే రెండోసారి ఏయించుకున్నరు," అంది అమ్మ.

నాయిన అదే గడ్డపారతో పెరటి చివర పక్కింటి కంచె దగ్గర గుంత తవ్వి, చుట్టూ నాలుగు రాళ్లు పేర్చాడు. అమ్మ ఆ కాడను వేర్లతో సహా తెచ్చి అందులో నాటింది. పెద్దగుట్టలో ఒక్క రాయీ కదల్లేదు.

ఆ వారమంతా పక్కింటివాళ్లు ఎలుకను వెతుక్కున్నారు.