మిషనుతో గాలి మాస్టారి పంతం

ఊదడంలో గాలి మాస్టారిని మించినవాడు లేడని చెప్పేది ఎవరో కాదు, గాలి మాస్టారే. బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదీ ఊదీ ముసలివాడయ్యాడు. ఊరేగింపు ఎంత దూరం సాగినా ఆయన దమ్ము తగ్గేది కాదు. పక్కన కుర్రవాళ్లు చతికిలబడితే, "ఏరా, అప్పుడే గాలి అయిపోయిందా?" అని ఆటపట్టించేవాడు. ఇంట్లోనూ అదే ధోరణి. పాలు పొంగినా ఊదేవాడు, భార్య వేలు కాలినా ఊదేవాడు. ఆవిడకు ఆ ఊదుడంటే విసుగూ, ముద్దూ రెండూను.

అలాంటి మనిషి ఊపిరితిత్తులకు నిమ్ము చేసి, రెండు మాటలు కలిపి అనలేక ఆసుపత్రి మంచం మీద కూర్చున్నాడు. ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టి, గాలి తోసే మిషనుకు తగిలించారు. "ఇది పనిచేస్తే సరేసరి. కాసేపట్లో కుదురుకోకపోతే మత్తిచ్చి గొంతులోకి గొట్టం దింపాలి. ఈ వయసులో దాన్నుంచి బయటపడటం కష్టం పెద్దమ్మా," అంది డాక్టరమ్మ ఆయన భార్యతో, దాచకుండా.

మాస్టారు ఏం చేశాడో తెలుసా? మిషను గాలి తోయగానే పెదాలు బిగించి ఎదురూదాడు! మిషను కీచుమని మోత మొదలెట్టింది. మాస్కు అంచుల్లోంచి గాలి బుసబుసా పోయింది. ఆయన మాస్కు లాగేసి, "తాళం... తప్పుతోంది... ఇది," అన్నాడు రొప్పుతూ. ప్రాణం మీదికొచ్చినా పంతం పోలేదు మహానుభావుడికి!

నర్సమ్మ కోప్పడలేదు. పట్టీలు విప్పేసి, గాలి జోరు తగ్గించి, మాస్కు ఆయన చేతికే ఇచ్చింది. "మీరే పట్టుకోండి తాతగారూ. ఇబ్బందనిపిస్తే మీరే తీసేయొచ్చు."

అయినా మళ్లీ ఊదాడు. భార్య మంచం అంచున కూర్చుని ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"ఏవండీ, మేళంలో కొత్తగా చేరిన పిల్లలకి ఏం చెప్పేవాళ్లు? పక్కవాడు ఊదుతుంటే ఊరుకుని వినమనేగా? ఇప్పుడిది ఊదుతోంది. మీరు వినండి. అది ఆగాక వదలండి."

మాస్టారు గుర్రుగా చూశాడు. ఆవిడ కళ్లలో నీళ్లు కనబడేసరికి చూపు దించుకుని, పెదాలు వదులు చేశాడు. గాలి లోపలికి పోయింది. ఆవిడ మిషనుతో పాటు పైకి వినబడేలా ఊపిరి తీసింది, వదిలింది. ఆయనా తీశాడు, వదిలాడు. కాసేపటికి నర్సమ్మ పట్టీలు తగిలించింది, మరీ బిగించకుండా. ఎగిరెగిరి పడుతున్న భుజాలు నెమ్మదించాయి. సాయంత్రం రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, "గొట్టం అక్కర్లేదు పెద్దమ్మా," అంది.

మంచినీళ్లకని మాస్కు తీసినప్పుడు భార్య ముందే హెచ్చరించింది. "మళ్లీ తాళం సంగతి ఎత్తారంటే ఊరుకోను."

ఆయన రెండు గుక్కలు తాగాడు. "తాళం కాదే," అన్నాడు. "భయమేసింది."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు.

"నాకూ వేసిందండీ," అంది. గ్లాసు పక్కన పెట్టి, మాస్కు తనే ఆయన ముఖానికి పెట్టింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.