జర పొడుగైన గీత

మిర్యాలగూడ బస్టాండు దగ్గర ఎవరో కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు. ఆ రంగుల ఘాటు ముక్కుకు తగలగానే యాదగిరి సారు మీద నాకున్న పాత కోపం లేచి కూర్చుంది. కోదాడ కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పారాయన, తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. మనిషి మంచివారే. నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు, అంతే.

ఒకసారి వ్యాసరచనలో మొదటి బహుమతి నాకు కాకుండా గరిడేపల్లి పిల్లకు ఇచ్చారు. నేను ఊరుకునే రకం కాదు. సారు మీద అప్పటి ప్రిన్సిపాల్‌కు ఇంగ్లీషులోనే ఫిర్యాదు రాశాను. మర్నాడు ఆ కాగితం సారు చేతిలోనే క్లాసుకు వచ్చింది, ఎర్ర సిరాతో దిద్ది.

"ఫిర్యాదు చేసుడు తప్పు కాదు బిడ్డా. కానీ 'అన్‌ఫెయిర్' నడుమ ఈ హైఫన్ గీత ఎందుకు? అన్, రీ, ప్రీ లాంటివి మామూలుగ పక్క మాటకు అతుక్కునే ఉంటయ్. సెల్ఫ్, ఎక్స్ అట్ల కాదు, వాటికి గీత కావాలె. నువ్వేమో 'సెల్ఫ్ రెస్పెక్ట్'కు గీతే పెట్టలే. నీ ఆత్మగౌరవం గాడొక ముక్క, గీడొక ముక్క పడ్డది సూడు!"

క్లాసంతా నవ్వింది. గరిడేపల్లి పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది.

ఈయన నోట ఒక్కసారైనా శభాష్ అనిపించుకోవాలని ఆ రోజే పట్టుబట్టాను. నేను ఇంగ్లీషు టీచర్‌నైంది కూడా సగం ఆ పంతంతోనే.

సారు రిటైరయ్యాక పాత విద్యార్థులం సూర్యాపేటలో సన్మానం పెట్టాం. వేదిక మీది ఫ్లెక్సీలో ఆయన పేరు కింద ఇంగ్లీషులో 'ఎక్స్ ప్రిన్సిపాల్' అని ఉంది. నడుమ గీత లేదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఫ్లెక్సీ తెచ్చినతన్ని పట్టుకున్నాను.

"సారు వచ్చేస్తున్నడు మేడం, ఇప్పుడు మళ్ల యాడ కొట్టిస్త? గంత చిన్న గీతను ఎవరు సూస్తరు?"

"సూసేటాయనకే గదా ఈ సన్మానం!"

మైకు పెట్టేవాడి దగ్గర నల్ల టేపు లాక్కుని, పట్టుచీరతోనే కుర్చీ ఎక్కి గీత అంటించాను.

సారు వచ్చారు. శాలువా కప్పకముందే తలెత్తి చూశారు.

"ఆ గీత ఎవరు పెట్టిండ్రు?"

"నేనే సార్." శభాష్ కోసం ఒక అడుగు ముందుకు వేశాను.

కళ్లజోడు సర్దుకుని మరోసారి చూశారు. "జర పొడుగైంది బిడ్డా."

ముందు వరుసలో గరిడేపల్లి పిల్ల నవ్వింది. కూతురి పెళ్లి కూడా చేసింది, ఆ నవ్వు మాత్రం మారలేదు.

పోయినేడు సారు కాలం చేశారు. ఇక ఆ మాట మీద అప్పీలుకు చోటు లేదు. నల్ల టేపు మాత్రం ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. ఇవాళ బస్టాండు ఫ్లెక్సీ మీద గీత లేని 'ఎక్స్ సర్పంచ్' కనిపించగానే, కడుతున్నవాళ్లను నిచ్చెన అడిగాను. గోరంత ముక్క కత్తిరించాను. అంటించబోయి ఆగి, ఇంకాస్త కత్తిరించాను.