సూదులు ఆపేశాక

మాది శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చిన రైల్వే కుటుంబం. అక్కడ గుఢియారీ పేటలోని మా ఇంట్లో నేను కూతురిగా పుట్టాను. పాతికేళ్లకి బొంబాయి వెళ్లి గర్భసంచీ, అండాశయాలూ తీయించుకున్నాను. మగ హార్మోను టెస్టోస్టిరాన్ సూదులతో గొంతు మారింది, గడ్డం వచ్చింది. ఉర్లాలో ఓ ఫ్యాక్టరీలో వెల్డరుగా చేరాను. అమ్మ నన్ను ‘ఒసే’ అనడం మానేసింది గానీ ‘ఒరే’ అనలేకపోయేది. “అన్నం చల్లారిపోతంది,” అని గోడకి చెప్పినట్టు చెప్పేది.

ఆరేళ్ల తర్వాత పచ్చకామెర్లు వచ్చాయి. సూదులు వేసే డాక్టరు కొన్నాళ్లు ఆపమన్నాడు. కామెర్లు తగ్గేసరికి ఆయన ఊరు మారిపోయాడు. మరో డాక్టరుకి మొదట్నుంచీ చెప్పుకునే ధైర్యం లేక, గడ్డం ఎలాగూ ఉందిగా అని ఊరుకున్నాను. ఒంట్లో ఆడ హార్మోనూ మగ హార్మోనూ రెండూ లేకపోతే ఏమవుతుందో నాకు తెలీదు.

ఆ చలికాలం ఉన్నట్టుండి మొహం భగ్గుమనేది, బనీను తడిసిపోయేది. ఒకసారి భోంచేస్తూ గుండీలు విప్పుకుంటుంటే అమ్మ చూసింది. విసనకర్ర తెచ్చి పక్కన కూర్చుంది.

“ముట్లాగిపోయినప్పుడు నాకూ ఇలాగే ఉండీది. రెండేళ్లు ఆవిర్లు. మీ నాన్నకి చెప్పనేదు.” కాసేపు విసిరి, “డాక్టరుకి చూపించుకోరా,” అంది.

ఆ ‘రా’ దగ్గరే ఆగిపోయాను. మిగతా మాట చెవికెక్కలేదు.

నాలుగేళ్ల తర్వాత ఇనప రేకు ఎత్తబోతే నడుములో ఏదో విరిగినట్టయింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి, “మీ ఇంట్లో పెద్దావిడ ఫిల్మ్ తెచ్చారా?” అని హిందీలో అడిగాడు.

“నాదేనండీ,” అని, తలుపు మూయమని, అంతా చెప్పాను.

వెక్కిరించలేదు. “హార్మోన్లు లేక ఎముకలు గుల్లబారి వెన్నుపూస విరిగింది. సూదులు ఆపినప్పుడే ఎవరికైనా చూపించుకోవాల్సింది,” అన్నాడు. “ఇక బరువులెత్తకండి.”

ఆ ఎండాకాలమే అమ్మ పోయింది. వాకిట్లో పాడె సిద్ధమయ్యాక నాన్న చుట్టాలందరి ముందూ నా వైపు తిరిగి, “ముందు నువ్వు పట్టు. కొడుకువి,” అన్నాడు.

వంగాను. లేవలేకపోయాను. పక్కింటాయన నన్ను తప్పించి భుజం పెట్టాడు. నేను నడుం పట్టుకుని అందరికంటే వెనక నడిచాను.

మళ్లీ సూదులు మొదలుపెట్టారు. ఆవిర్లు పోయాయి. వెన్నుపూస కుంగి అంగుళమున్నర ఎత్తు తగ్గాను, అది తిరిగి రాదన్నారు. ఫ్యాక్టరీలో ఇప్పుడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే పని ఇచ్చారు.