జువ్విచెట్టు మీది పచ్చగువ్వలు

మొన్న మనవరాలు పావురం బొమ్మకు బూడిదరంగు పూస్తుంటే, పచ్చగా ఉండే గువ్వలు కూడా ఉంటాయమ్మా అన్నాను. చిలకను చూసి పొరబడ్డావు నానమ్మా అని నవ్వింది. ఎనభైలలో పటాన్‌చెరు దిగువన వాగు ఒడ్డున పెరిగిన నా తోటివాళ్లయితే నవ్వరు.

మా పొలం గట్టు మీద ఒక జువ్విచెట్టు ఉండేది. ఎండాకాలం మొదట్లో పండ్లు మాగగానే పచ్చగువ్వలు మందగా దిగేవి. ఆకుల్లో ఆకులై, పసుపుపచ్చని కాళ్లతో కొమ్మలు పట్టుకొని తలకిందులుగా వేలాడుతూ పండ్లు మింగేవి. కంటికి ఆనేవి కావు గాని, ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు చెట్టంతా పాడేది. పట్నం నుంచి తుపాకులతో వచ్చేవాళ్లను నాయన గట్టు ఎక్కనిచ్చేవాడు కాదు.

"గవి మా ఇంటి ఆడిబిడ్డలసొంటియి. ఏటా వస్తయి, తిని పోతయి. మీరు జల్దీ నడువుండ్రి" అనేవాడు.

నాయనకు ఉన్నది ఒక్క చెల్లెలు, ఆమె తొలికాన్పులోనే పోయిందని, అందుకే ఆ మాట అంటాడని అమ్మ చెబితే తరువాతెప్పుడో తెలిసింది.

ఎగువన ఫ్యాక్టరీలు వచ్చాక వాగు నీళ్లు రంగు మారాయి. మొదట చేపలు చచ్చి తేలాయి, తరువాత నాట్లు ఎర్రబడి మాడిపోయాయి. చెట్టు వేళ్లూ ఆ నీళ్లే తాగాయి కాబోలు, ఆకు రాల్చి మళ్లీ చిగురించలేదు. కట్టెల అడితి ఆయన అడిగితే, ఇచ్చేద్దామంది అమ్మ.

"జెర ఆగు, ఎండకాలం రానీయ్. అవి వస్తె ఏడ కూసుంటయి?" అన్నాడు నాయన.

అవి వచ్చాయి. ఒక పొద్దున మందంతా ఆ మోడు మీద వాలింది. ఆకుచాటు లేనందువల్ల భుజాల మీది ఊదారంగు మరకతో సహా ప్రతి గువ్వా స్పష్టంగా కనిపించింది. అంత అందంగా వాటిని నేనెన్నడూ చూడలేదు. ఒక్కటీ పాడలేదు. కొమ్మకొమ్మకూ మారి కాసేపు వెతికి, లేచి కొండాపూర్ వైపు వెళ్లిపోయాయి. నాయన గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయి, ఇంటికొచ్చి ఒక్కమాట అన్నాడు.

"అడితాయనకు చెప్పు, కొట్టుకపొమ్మను."

తను కోరిందే అయినా అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఆ ఏడే నాయన ఇస్నాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. పోయేదాకా పొలం ఊసు ఎత్తలేదు. ఇప్పుడా పొలంలో రేకుల కిరాయి గదులు వరుసగా ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో బతుకుదెరువుకు వచ్చిన పిల్లలు వాటిలో తలదాచుకుంటున్నారు, వాళ్ల ఊళ్లలో వాళ్లేం పోగొట్టుకున్నారో. పంట పోతే మాకు జీతం దొరికింది, నీడ పోతే రేకుల కప్పు దొరికింది. ఫలానా కాలం వస్తే ఫలానా వాళ్లు మన దగ్గరికి వస్తారని ఎదురుచూసే అలవాటు మాత్రం మా ఇంట్లో ఎవరికీ మళ్లీ రాలేదు.