పైన పోసిన చెంచాడు నూనె

ఇన్నేళ్ళూ ఒక మాటని గొంతు దాకా తెచ్చుకుని మళ్ళీ మింగుతూ బతికాను. మింగడం అలవాటైపోయింది గానీ బరువు మాత్రం తగ్గలేదు.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో ఈ అక్షరాలు చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. మా నాన్న దక్షిణాఫ్రికాలోని మా ఊరు టోంగాట్‌లో, గుడి హాల్లో ఆదివారాలు తెలుగు బడి నడిపేవాడు. మిగతా పిల్లలంతా ఆటలకి పారిపోతే, నన్ను మాత్రం చెవి మెలేసి కూర్చోబెట్టి దిద్దించాడు. నా కొడుకులకీ కోడళ్ళకీ ఇంగ్లీషు తప్ప రాదు. కాబట్టి ఈ కాగితాలు బల్ల మీద పడేసి పోయినా నాకు భయం లేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఈ చెయ్యి కదలదు.

వంటలో నేను గట్టిదాన్ని. గొప్పకి చెప్పడం లేదు. లేదు లేదు, గొప్పకే చెబుతున్నాను, ఈ వయసులో దాచుకోవడం దేనికి? ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పొయ్యి మీది పెద్ద దేగిసా గిన్నె దించే ముందు నన్ను పిలిచి కూర రుచి చూపించేవారు. నేను తల ఊపాకే వడ్డన. అలాంటిదాన్ని, నా తప్పు కూడా వంటింట్లోనే చేశాను.

మా ఆయన చక్కెర మిల్లులో పాకం మరిగించే చోట పనిచేసేవాడు. రెండిళ్ళ అవతల ఉండే కన్నయ్యదీ అదే పని, అదే షిఫ్టు. ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు టీ కూడా తాగేవారు కాదు. తెల్లవాళ్ళ పాలన పోయి మేమంతా మొట్టమొదటిసారి ఓటు వేయడానికి ముందటి ఏడు, మిల్లులో అందరికీ రక్తపరీక్షలు చేయిస్తే ఇద్దరికీ ఒకే రోజు షుగర్ అని తేలింది. క్లినిక్‌లో జులూ నర్సమ్మ నన్నూ కన్నయ్య భార్య సరోజనీ కూర్చోబెట్టి చెప్పింది. నూనె తగ్గించండి, తెల్లన్నం తగ్గించండి, ఆకుకూరలు పెట్టండి, రోజూ నడిపించండి, మాత్రలొక్కటే మనిషిని కాపాడవు అని.

కన్నయ్య బుద్ధిగా విన్నాడు. మా ఆయన వింటాడా? "రోగి కూడు నా కంచంలో ఎట్టినావంటే గోడకేసి కొడతాను" అన్నాడు. అది ఉత్త మొండితనం కాదని నాకు తెలుసు. ఆయన ముత్తాత చెరుకు తోటలకి కూలీగా వచ్చినప్పుడు బియ్యమూ పప్పూ దొర మనిషి కొలిచి పోసేవాడట. ఆ కథ ఆయన నరాల్లో ఉండిపోయింది. నా తిండి ఇంకొకడు కొలవకూడదు, అంతే. దేశమంతా మా బతుకు మా ఇష్టం అని లేచి నిలబడుతున్న రోజుల్లో, ఆయన కంచం ముందు కూర్చుని అదే మాట అన్నాడు.

సరే అన్నాను. ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టాను.

మటన్ వండి చల్లార్చి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. కొవ్వంతా పైన తెల్లగా గడ్డకట్టేది. దాన్ని తీసి పారేసి, కూర మళ్ళీ కాచి, చివర్లో ఒకే ఒక్క చెంచాడు నూనెలో మిరప్పొడి ఎర్రగా వేయించి పైన పోసేదాన్ని. చూసినవాళ్ళకి గిన్నె నిండా నూనె తేలుతున్నట్టే ఉండేది. రొట్టెల పిండిలో తవుడు జల్లించి కలిపి, దొంతరలో పైనున్న రొట్టెకి మాత్రమే నెయ్యి రాసేదాన్ని. టీలో చక్కెర నెలకి అర చెంచా చొప్పున తగ్గిస్తూ, అల్లమూ దాల్చిన చెక్కా పెంచుతూ పోయాను. అన్నం కింద జులూ ఆడవాళ్ళు బజార్లో అమ్మే ఆకుకూర పరిచి, పైన అన్నం గుట్టలా పేర్చేదాన్ని. సమోసాలకి నూనె చేత్తో రాసి ఓవెన్‌లో కాల్చేదాన్ని. ఇక నడకంటారా, ప్రతి సాయంత్రం ఏదో ఒకటి మర్చిపోయేదాన్ని. ఒకనాడు కొత్తిమీర, ఒకనాడు అగ్గిపెట్టె. కొట్టేమో గట్టు మీద. ఆయన నన్ను తిట్టుకుంటూ ఎక్కి, తిట్టుకుంటూ దిగేవాడు. నా భార్యకి మతిమరుపు రోగం అని ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ అనుకున్నాను.

ఒక్కసారి కూడా దొరకలేదు. ఆయన నాలిక సామాన్యమైంది కాదు, ఉప్పు రవ్వంత తగ్గినా పసిగట్టేది. దాన్ని నేను గెలిచాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు నవ్వొస్తోంది.

ఓటు రోజు వచ్చింది. అంత పొడుగు వరస నా జన్మలో చూడలేదు. పొద్దున్నే నిలబడితే ఎండ నడినెత్తికి వచ్చినా తరగలేదు. ముందూ వెనకా జులూ అమ్మలు గొడుగులు వేసుకుని, మా వాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకుని, అందరూ అందరి తిండీ పంచుకుంటున్నారు. నేను డబ్బా తెరిచాను. మా ఆయన సమోసా ఒకటి పైకెత్తి పట్టుకుని, వరసంతా వినేటట్టు మొదలెట్టాడు. "ఒరే కన్నా, నన్ను సూడ్రా! మటన్ తింటాను, నెయ్యి తింటాను. క్లినిక్ కాడ నా రత్తం గంగాజలం అన్నారు. ఈ డాక్టర్ల మాటలన్నీ ఉత్త బెదిరింపులురా!"

రక్తం బాగుందన్నది నిజం. ఆ నెలే నర్సమ్మ అంకెలు చూసి మెచ్చుకుంది. కన్నయ్య ఉడకబెట్టిన కూరల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం నవ్వారు. అతను కూడా నవ్వి, డబ్బా మూత పెట్టేశాడు. ఆ రోజుతో పథ్యం మానేశాడు. ఇంట్లో వేపుళ్ళూ నెయ్యీ మళ్ళీ మొదలయ్యాయి.

నేను చూశాను. ఆ మూత పెట్టడం నేను చూశాను. అప్పుడే ఎందుకు నోరు విప్పలేదు? అంతమందిలో మొగుడి పరువు తియ్యలేక, అనుకున్నాను. మరి ఇంటికొచ్చాక?

తర్వాత ఏడాది తిరగకముందే సరోజ ఒక పొద్దున్న కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో తడిబట్టలు అలాగే ఉన్నాయి.

"వదినా, నీ కాళ్ళట్టుకుంటాను, నిజం సెప్పు. అన్నకి ఏటి ఎడతన్నావు? మా ఇంటాయన అన్న తిన్నట్టే తింటన్నాడు. అన్నకి తగ్గతంది, ఈయనకి అరికాళ్ళు మండతన్నాయి."

"ఏటీ నేదే సరోజా. మీరు తినీదే తింటన్నాడు. నా సేతి గుణం అయ్యుంటాది."

నవ్వాను కూడా.

సరోజ నోట్లో మాట దాగదు, సాయంత్రానికి మిల్లంతా తెలుస్తుంది, మా ఆయన కంచం విసిరేస్తాడు, మళ్ళీ నా మాట వినడు. ఇదీ అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం. అబద్ధం కాదు. కానీ దాని అడుగున ఇంకోటుంది, ఇన్నేళ్ళకి గానీ చూడలేకపోయాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా నా చేతి వంట తింటే రోగం కూడా దారికొస్తుందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉండేదో! అది తవుడూ ఆకుకూరా చేసిన పని అని తెలిస్తే ఆ పేరు పోతుంది. ఎవరైనా చెయ్యగలిగిన పని అయిపోతుంది. ఆ పేరు కోసం నేను సరోజ మొహం చూసి నవ్వాను. సిగ్గులేనిదాన్ని.

కన్నయ్యకి ముందు కాలి బొటనవేలు తీశారు. తర్వాత మోకాలి కింద దాకా. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. యాభై నిండలేదు. మా ఆయన పాడె పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికొచ్చాక నేను వడ్డించినది ఎప్పట్లాగే తిన్నాడు.

ఆయన ఎనభై నాలుగేళ్ళు బతికాడు. రెండు కాళ్ళూ, రెండు కళ్ళూ, పళ్ళు కూడా సగానికి పైగా. ఎనభై దాటాక కూడా నిచ్చెనేసి మామిడికాయలు కోసేవాడు. పోయిన ఏడు, మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తూ అలాగే వెళ్ళిపోయాడు. చివరి రోజు దాకా అన్నీ తిని బతికానని చాటుకున్నాడు.

తిండి వల్లే అంత కాలం బతికాడా? ఏమో, నేను డాక్టర్ని కాను. వాళ్ళ అమ్మ కూడా చాలా కాలం బతికింది. కన్నయ్య పథ్యం చేసినా పోయేవాడేమో. మనసు బాగాలేనప్పుడు ఆ మాటని పట్టుకుని వేలాడతాను. కానీ మా ఆయన నిచ్చెనెక్కినప్పుడల్లా, అది నా పనే, నా ముప్ఫై ఏళ్ళ కష్టమే అని రొమ్ము విరుచుకున్నదాన్ని నేనే కదా. ఆ బతుకు నా చలవే అని చెప్పుకుంటే ఈ చావు కూడా నా ఖాతాలోనే పడాలి. ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తానంటే ఎలా? గర్వం మాత్రం వదులుకోలేను. చాలాసార్లు ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. అందుకే రెండూ నావే అని ఇక్కడ రాసుకుంటున్నాను.

సరోజ ఇంకా ఉంది. తన పిల్లలు డర్బన్ వెళ్ళిపోయారు. శుక్రవారాలు మా ఇంటికొచ్చి నాతోపాటే తింటుంది. మా ఆయన కర్మ భోజనాల రోజు, అందరి ముందూ కూర నోట్లో పెట్టుకుని, "అన్న అన్నీ తిని బతికినాడు. నీ సేతి గుణం వదినా, నాకా సెయ్యి నేకపోయింది" అంది. కంచె దగ్గర నేను చెప్పిన మాటని అన్నేళ్ళు దాచుకుని, నాకే తిరిగి వడ్డించింది. తన చెయ్యి మంచిది కాదనుకుంటూ బతికిందన్నమాట ఇన్నాళ్ళూ. నేను గరిటెతో తన కంచంలో ఇంకొంచెం కూర వేశాను.

రేపు శుక్రవారం. వస్తుంది. చెబుతానో లేదో నాకు తెలియదు. చెప్పినా తను క్షమించాలని నేను అడగను, అడిగే మొహం లేదు. కానీ అడిగినదానికి జవాబంటూ ఒకటి ఉండాలి కదా. ఇక్కడైనా ఇస్తాను.

సరోజా, కంచె కాడ నువ్వడిగినావు గదా, ఇదిగో. సేతి గుణం కాదే. నీ సేతిలో తప్పు నేదు. కూర సల్లారినాక కొవ్వు తీసీసేదాన్ని. పైన తేలింది ఒక్క సెంచాడు నూనె. నీకు సెప్పుంటే రెండు నిమసాల్లో నేర్సీసుకుందువు.