మేడం వచ్చిన నాడు కట్టిన చీర

టెంట్ హౌస్ నుంచి ఎర్ర తివాచీ తెద్దామని చెప్పింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలికగా ఉంటుంది. తర్వాత జరిగిందంతా ఆ తివాచీ మీదుగానే నడిచి వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పదో తరగతిలో లెక్కలు తప్పాను, మళ్లీ రాసి మళ్లీ తప్పాను. ఇంట్లో ఊరికే కూర్చుని ఉంటే అమరచింతలోనే ముసలివాళ్ల కేంద్రంలో పని దొరికింది. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మగ్గాల వీధిలో రెండు అద్దె గదులు, ముందు రేకుల వరండా, ఒక మూల ఎప్పుడు పనిచేస్తుందో తెలియని టీవీ. పొద్దున పదింటికి నేను తాళం తీసేదాన్ని, సాయంత్రం నాలుగింటికి వేసేదాన్ని. వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టర్లో రాయడం, మధ్యాహ్నం అన్నం, పప్పు వండిపెట్టడం, ఎవరి బీపీ గోళీ వాళ్లకు ఇవ్వడం, మిగిలిన టైమంతా మాట్లాడటం. నేను ఎక్కువ మాట్లాడతాను. ఇంట్లో తిట్లు తినిపించిన ఆ గుణానికే అక్కడ గిరాకీ ఉండేది.

"నువ్వు రాని దినం ఈ గోడలతోని మాట్లాడాలె బిడ్డా. అవి నీకంటే జర తక్కువ మాట్లాడతయి, గదొక్కటే సుఖం" అనేవాడు దర్జీ తాత. ఆయన ఒకప్పుడు బస్టాండు దగ్గర షేర్వానీలు కుట్టిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర పక్కన పెట్టి మా దగ్గరికి వచ్చేవాడు.

కేంద్రాన్ని పెట్టింది రిటైరైన టీచరు సార్. హైదరాబాద్‌లో ఒక ట్రస్టు వాళ్లు ఏటా గ్రాంటు ఇచ్చేవాళ్లు. బియ్యం, పప్పు, గోళీలు, గదుల కిరాయి, నా జీతం, అన్నీ అందులోంచే. ఏటా ఒకసారి సార్ జూరాల కట్ట మీదుగా గద్వాల పోయి, దరఖాస్తు ఇంగ్లీషులో టైపు చేయించుకుని వచ్చేవాడు. ఆ కాగితం పోస్టులో వేసిన రోజు అందరికీ మిఠాయి పంచేవాడు. మంజూరయ్యాక కాదు, వేసినప్పుడే.

ఇక అవ్వ సంగతి. వచ్చేవాళ్లలో ఆమే అందరికంటే ముందు వచ్చేది. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని గద్వాల చీరలు నేసింది. చూపు తగ్గాక నూలు కండెలు చుట్టింది. అదీ చేతకాకపోయాక, ఆమె ఇన్నాళ్లు నేసిపెట్టిన షావుకారు తన మగ్గాల షెడ్డు వెనక ఒక చిన్న గదిలో ఉండనిచ్చాడు. పిల్లలు లేరు, పెనిమిటి ఎప్పుడో పోయాడు. పొద్దున చాయి, బన్ను. రాత్రి ఎవరైనా ఒక రొట్టె ఇస్తే తినేది, లేకపోతే లేదు. రోజు మొత్తంలో ఆమె కడుపునిండా తినేది మా కేంద్రంలో మధ్యాహ్నం ఒక్కపూటే. ఇది ఆమె నాతో ఎన్నడూ చెప్పలేదు. ఆదివారం మాకు సెలవు. సోమవారం ఆమె తినే తీరు చూసి నేనే తెలుసుకున్నాను.

ఆ ఏడు దరఖాస్తుకు జవాబుగా ఒక ఉత్తరం వచ్చింది. ఈసారి గ్రాంటు ఇచ్చేముందు తమ మనిషి వచ్చి కేంద్రాన్ని చూస్తుందని. సార్ ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, వరండాలో వాన కారే చోట పెట్టిన బకెట్ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఉన్నది ఉన్నట్టే చూపిద్దామా ఏంది?" అన్నాడు. నన్ను అడిగాడో తనను తానే ప్రశ్నించుకున్నాడో తెలియదు.

"సుట్టమొస్తే చినిగిన సాప ఏస్తమా సార్?" అన్నాను నేను. "పట్నం నుంచి వస్తున్నరు. మనల్ని జూసి ఏమనుకోవాలె? పైసలిస్తే గిట్ల పాడుజేసిండ్రు అనుకోరా?"

దర్జీ తాత వెంటనే నా వైపు వచ్చేశాడు. "బిడ్డ సరిగ్గ చెప్పింది సార్. మెహమాన్ ముంగట ఇజ్జత్ పోవద్దు."

సార్ తల ఊపి లోపలికి పోయాడు. ఆ రోజు ఆయన ఒక్కసారి గట్టిగా కాదని ఉంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన మీదికి నెట్టడం సులువు కాబట్టి అనుకున్నాను.

నాలుగు రోజులు పండగ పనే. గోడలకు సున్నం వేశాం. కారే చోట బీరువా జరిపి, బకెట్ పెరట్లో దాచాం. సొట్టలు పడ్డ అల్యూమినియం పళ్లేలు సంచిలో కట్టేసి, ఒక పెళ్లింటి నుంచి స్టీలు పళ్లేలు అడుక్కొచ్చాను. ఎర్ర తివాచీ, దాని మీద వెల్వెట్ కుర్చీ. మా ఇంట్లో అమ్మ "నీ పెండ్లికి గూడ ఇంత ఉరుకులాట ఉండదే" అంది.

ముందురోజు ముసలివాళ్లందరికీ గట్టిగా చెప్పాను. తలకు పోసుకుని రండి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని రండి అని. అందరూ సరే అన్నారు. అవ్వ మాత్రం తను కట్టుకున్న చీర వంక చూసుకుంది. ఆమెకు రెండు చీరలు. రెండూ మాసికలే.

"అవ్వా, నీ పెట్టెలో గద్వాల చీర ఉందంటవు గద" అన్నాను.

"అది కట్టేది కాదు పిల్లా."

ఎందుకో నాకు తెలుసు. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పుతారు. అవ్వకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. తన పుట్టింటి చీర తానే నేసుకుంది. కూలికి బదులు ఆ ఒక్క చీర ఇవ్వమని షావుకారును అడిగి, వేపాకులు వేసి పెట్టెలో దాచుకుంది. ఆకుపచ్చ ఒళ్లు, కుంకుమ రంగు పట్టు అంచు, జరీ కొంగు. మడత కూడా విప్పలేదు.

"ఒక్క పూట అవ్వా. మేడం పోంగనే మళ్ల మడత పెడత. నేనే పెడత."

"ఒక్కసారి కడితే అది కొత్తదెట్లయితది?"

"ఎవరికి తెలుస్తది? నువ్వు, నేను. నేనెవ్వరికి చెప్ప."

"నువ్వు చెప్పకుండ ఉంటవా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. తెల్లారి ఆ చీర కట్టుకుని వచ్చింది. మాసికల చీరలో వంగి నడిచే మనిషి ఆ రోజు కొంచెం నిటారుగా నడిచింది.

మేడం జీపు దిగింది. నాకంటే ఐదారేళ్లు పెద్దది ఉంటుందేమో. పలచని నూలు చీర, మామూలు చెప్పులు, భుజాన గుడ్డ సంచి. పూలదండ వేస్తే ఇబ్బందిగా తీసి చేతిలో పట్టుకుంది. తివాచీ చూసి పక్కనుంచి నడవబోతే మేమే బతిమాలి దాని మీదికి నడిపించాం. మంచి మనిషి. వెల్వెట్ కుర్చీ వద్దని వాళ్ల మధ్యలో కింద కూర్చుంది. అందుకే ఆమె మీద ఈనాటికీ నాకు కోపం పట్టుకోదు.

"ఇక్కడ మీకు ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగింది.

"అల్లా దయ అమ్మా, ఏం తక్లీఫ్ లేదు" అన్నాడు దర్జీ తాత. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న షేర్వానీ వేసుకుని, వణికే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లూ అదే. మంచిగున్నం, మంచిగ నడుస్తుంది. ఇంటికి వచ్చిన మనిషికి మొదటి మాటగా కష్టం చెప్పడం మావాళ్లకు చేతకాదు. రెండోసారి అడిగితే చెబుతారు, మూడోసారి అడిగితే ఏడుస్తారు. మేడం ఒక్కసారే అడిగింది.

తర్వాత అవ్వ వైపు తిరిగింది. చీర అంచు పట్టుకుని చూసింది. "చాలా బాగుంది. ఎక్కడ కొన్నారు?"

"కొనుడేంది బిడ్డా, నేనే నేసిన" అంది అవ్వ. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను మరిచిపోలేను.

"ఈ కేంద్రం లేదనుకోండి, మధ్యాహ్నం భోజనం ఎట్లా?"

నేను కూర గంటె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. అవ్వ కొంగు సర్దుకుంది.

"నాకేం తక్కువ బిడ్డా. ఇంట్ల తింట. ఈడికి నలుగురు ఉంటరని వస్త, అంతే."

మేడం పుస్తకంలో రాసుకుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా నోరు మూయని నేను ఆ ఒక్క క్షణం మూసుకున్నాను. అందరి ముందు "కాదు మేడం, ఈమెకు ఇంట్లో తిండి లేదు" అని ఎలా అనను? ఆ చీరలో కూర్చున్న మనిషిని పట్టుకుని ఎలా అనను? అనాల్సింది. వంటింట్లోకి పిలిచైనా చెప్పాల్సింది. దానికి బదులు కూర వడ్డించడం మొదలుపెట్టాను. గంటె తొణికి అవ్వ కొంగు మీద పులుసు చుక్క పడింది. ఆమె చటుక్కున కొంగు ఒళ్లో దాచుకుని, ఏమీ కానట్టు తిన్నది.

ట్రస్టు ఉత్తరం మృగశిర కార్తె దాటాక వచ్చింది. సార్ వరండాలో నిలబడి చదివి, మాకు తెలుగులో చెప్పాడు. కేంద్రం చాలా చక్కగా నడుస్తోందట. వసతులు బాగున్నాయట. వచ్చే పెద్దవాళ్లు ఉన్నంతలో బాగా బతుకుతున్నవాళ్లట, ఊరి సాయం కూడా దండిగా ఉన్నట్టు కనిపించిందట. అందుకని ఈ ఏడు గ్రాంటు తెలకపల్లి వైపు ఒక కేంద్రానికి ఇస్తున్నారట. అక్కడ ముసలివాళ్లు ఒక పశువుల కొట్టంలో కూర్చుంటున్నారట. మమ్మల్ని మెచ్చుకుంటూ ఆపేశారు.

సార్ మళ్లీ గద్వాల పోయి అసలు సంగతంతా టైపు చేయించి పంపాడు. వచ్చే ఏడు దరఖాస్తు పెట్టుకోండి అని జవాబు. వనపర్తిలో తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని కలిశాడు. చాయి తాగించి పంపారు. చూడని ఆ తెలకపల్లి కొట్టాన్ని నేను నోరారా తిట్టాను. తర్వాత ఒకసారి నాగర్‌కర్నూల్ దాటి పోయినప్పుడు ఆ దారిలో బస్సు కిటికీలోంచి పశువుల కొట్టాలన్నీ చూస్తూ కూర్చున్నాను. అందులో ఏది అదో తెలియలేదు. తిట్టు మాత్రం రాలేదు.

కేంద్రం మూసేసే చివరి రోజు అన్నం వండాను. తిన్నాక అవ్వ నన్ను దగ్గరికి పిలిచి, "మరక పోలేదు పిల్లా. పట్టంచు గద, గట్టిగ ఉతికితే ఖరాబైతది" అంది. నేను ఏడుపు మొహం పెడితే తానే నా చేయి తట్టింది. "ఏం గాదు. అది పాతదైపోయింది గదా, మళ్ల కొత్తది నేసుకునేదాక నన్ను తీస్కపోడు దేవుడు. మంచిదే అయింది."

దర్జీ తాత పక్కనుంచి, "మగ్గమెక్కుతవా ఏంది ఇప్పుడు?" అన్నాడు.

"నువ్వు షేర్వానీ కుట్టు, నేను మగ్గమెక్కుత" అంది. ఇద్దరూ నవ్వారు. నేను పళ్లేలు కడుగుతూ విన్నాను, సొట్టల పళ్లేలు.

నాకు వేరే పని దొరికింది, బట్టల దుకాణంలో. మధ్యాహ్నం వీలు దొరికినప్పుడు టిఫిన్ డబ్బాలో అన్నం పట్టుకుని అవ్వ గదికి పోయేదాన్ని. గడపలోనే అడిగేదాన్ని, అలవాటు కొద్దీ, "తిన్నవా అవ్వా?" అని.

"తిన్న బిడ్డా. నువ్వు తిను."

మేడంకు చెప్పిన మాటే, ఇప్పుడు నాకు. కేంద్రం ఉన్నంత కాలం ఆమె నన్ను పిల్లా అనేది, పళ్లెం ముందుకు నెట్టి ఇంకొంచెం పెట్టమనేది. అది సర్కారుదో ట్రస్టుదో, ఎవరి ఇంటిదీ కాని అన్నం. అది అడగొచ్చు. నా డబ్బాలోది మా అమ్మ వండిన అన్నం. నేను చుట్టాన్నైపోయాను. కొన్నాళ్లకు అడగడం మానేసి, డబ్బా అక్కడ పెట్టి వచ్చేసేదాన్ని. సాయంత్రానికి కడిగిన డబ్బా దుకాణానికి వచ్చేది. తిన్నదో, షెడ్డులో నేసేవాళ్లకు పెట్టిందో నాకు తెలియదు. రోజూ కూడా పోలేకపోయాను. నిజం చెప్పాలంటే వారానికి రెండుసార్లు, కొన్ని వారాలు అదీ లేదు.

తర్వాతి ఎండాకాలంలో అవ్వ పోయింది. ఎండదెబ్బ అన్నారు. పొద్దున షెడ్డులో మగ్గాలు ఆపేశారు, ఆ చప్పుడు లేని వీధి నాకు అంతకుముందు తెలియదు. లోపల ఆడవాళ్లు స్నానం చేయించారు. షావుకారు భార్య పెట్టె తెరిచి ఆకుపచ్చ చీర తీసింది. పైన ఎండిన వేపాకులు.

"సూడుండ్రి, ఎంత భద్రంగ దాచుకుంది. మడత గూడ విప్పలే" అంది.

"పుట్టింటోళ్లు ఉన్నా గింత చీర తెద్దురా?" అంది ఇంకొకామె.

అవ్వే మళ్లీ మడతపెట్టి ఉంటుంది, నేసేవాళ్ల మడత, ఒకసారి కట్టిందని ఎవరూ పోల్చలేరు. నేను మడత పెడతానని మాటిచ్చి పెట్టలేదు. చీర విప్పుతుంటే కొంగు వైపు నేను పట్టుకున్నాను. మరక అక్కడే ఉంది, వేలి గోరంత, ఉతికి ఉతికి పాలిపోయిన పసుపు. ఎవరికీ చెప్పనని అవ్వకు మాటిచ్చాను. ఆమె నమ్మలేదు.

కొంగు కొసను లోపలికి మడిచి, ఆమె భుజం కింద దోపాను.